అటక మీంచి దించిన గాలం దారం: నీళ్ళకు తేరుకునేదేది, కత్తిరించాల్సిందేది

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అటకెక్కిన రాడ్లు, ఏలూరు కాలువకో బందరు కాలువకో మళ్ళీ నీళ్ళు వదిలిన వారంలో కిందికి దిగుతాయి. దించీ దించగానే గాలం కట్టుకుని గట్టుకు పోతే రెండిట్లో ఒకటి జరుగుతుంది. మొదటి విసురుకే దారం స్ప్రింగులా లేచి రీలంతా చిక్కుపడుతుంది. లేదా మంచి కొర్రమీను తగిలి, ఒక్క గుంజు గుంజి, దారం తెంపుకుని పోతుంది.

ఈ రెండూ ఒకటే జబ్బు కాదు. మొదటిది దారం చుట్టకు అలవాటుపడి బిరుసెక్కడం. గోరువెచ్చని నీళ్ళు, కాస్త సాగదీత చాలు, తేరుకుంటుంది. రెండోది దారం లోపలే చచ్చిపోవడం. ఎండకు, గాట్లకు, ఆమ్లపు ఆవిరికి పోయిన బలం ఏ నూనె రాసినా ఏ స్ప్రే కొట్టినా తిరిగి రాదు. ఏది ఏదో తేల్చుకోకుండా బాగున్న దారాన్ని పారేసేవాళ్ళున్నారు, చచ్చిన దారాన్ని నమ్ముకునేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు. కాబట్టి ముందు పరీక్ష, తర్వాతే బాగుచేత. మొత్తం పని ఒక ఆదివారం పొద్దున తేలిపోతుంది.

ముందు మీ దగ్గరున్నది ఏ దారమో తెలుసుకోండి

అల్లిన బ్రెయిడ్‌ని ఎవరైనా గుర్తుపడతారు. సన్నటి నూలు తాడులా మెత్తగా ఉంటుంది, చుట్ట గుర్తుండదు. చిక్కంతా గాజులా కనిపించే రెండిటితోనే. మామూలు నైలాన్ మోనో, అంటే ఒంటిపోగు దారం, ఒకటి; ఫ్లోరోకార్బన్ ఒకటి. లేబుల్ ఊడిపోయిన స్పూల్ మీద ఏముందో కంటితో చెప్పడం కష్టం. వంటింట్లోనే తేల్చుకోవచ్చు.

గ్లాసులో 200 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి 70 గ్రాముల ఉప్పు వేసి కరిగేదాకా బాగా కలపండి. దారం ముక్క ఒక అంగుళం కత్తిరించి, సబ్బు నీటితో రుద్ది, గాలి బుడగలు అంటుకోకుండా ఆ ఉప్పునీటి లోపలికి ముంచి వదలండి. పైకి తేలితే నైలాన్. అడుగుకు పోతే ఫ్లోరోకార్బన్. నైలాన్ సాంద్రత 1.14, ఫ్లోరోకార్బన్‌ది 1.78 దాకా ఉంటుంది. చిక్కటి ఉప్పునీరు 1.2 దగ్గర ఉంటుంది కాబట్టి రెండిటినీ విడదీస్తుంది. మామూలు నీళ్ళలో అయితే రెండూ మునుగుతాయి, తేడా తెలియదు. ఫ్లోరోకార్బన్ అని పేరు పెట్టి అమ్మే చవక దారాల్లో కొన్ని పైపూత మాత్రమే ఉన్న నైలాన్. అవి ఈ గ్లాసులో తేలి బయటపడతాయి.

ఇది తెలియడం ఎందుకంటే, వీటి బాగుచేత వేరు. నైలాన్ నీళ్ళు పీల్చుకుంటుంది, ఫ్లోరోకార్బన్ పీల్చుకోదు. నైలాన్‌ని ఎండ తినేస్తుంది, ఫ్లోరోకార్బన్‌ని అంతగా ఏమీ చేయలేదు. బ్రెయిడ్‌కి బిరుసు బాధ లేదు కానీ ఇసుక, ఉప్పు పలుకులు పోగుల మధ్య చేరి లోపల్నుంచి కోస్తాయి.

మన ఎండలో అసలేం జరుగుతుంది

బెజవాడ మే నెలలో, అందులోనూ రోహిణి కార్తెలో, స్లాబు కింది అటక, రేకుల షెడ్డు, స్కూటర్ డిక్కీ బయటి గాలికంటే ఎక్కువ కాగుతాయి. ఆ వేడికి నైలాన్‌లోని తేమ పోతుంది. తేమ ఉన్నంతసేపే నైలాన్ మెత్తగా, సాగుతూ ఉంటుంది. తేమ పోయి, చిన్న స్పూల్ చుట్టూ బిగుతుగా నెలల తరబడి ఉన్న దారం ఆ వంపులోనే స్థిరపడిపోతుంది. అదే బిరుసు. తేమే దాన్ని వదిలిస్తుంది. గోరువెచ్చని నీటిలో నానిన నైలాన్ లోపలి పట్టు సడలి, సాగదీసిన ఆకారానికి మారుతుంది.

ఎండ వెలుతురు సంగతి వేరు. అతినీలలోహిత కిరణాలు నైలాన్ పోగులోని పొడవాటి అణువుల గొలుసులను తెంపుతాయి. ఒకసారి తెగినవి మళ్ళీ అతుక్కోవు. రాడ్డుని వరండాలో గోడకు ఆనించి వదిలేస్తే స్పూల్ మీది పై వరసలకు దెబ్బ తగులుతుంది, లోపలి వరసలు బాగానే ఉంటాయి. తెగిన దారం దాదాపు ఎప్పుడూ పై 20, 30 మీటర్లలోనే తెగడానికి ఒక కారణం ఇది. రాళ్ళకు, గైడ్ రింగులకు (రాడ్డు పొడవునా దారం దూరే రింగులు) రోజూ రాసుకునేది కూడా ఆ పై భాగమే.

ఆమ్లం మూడోది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. నైలాన్‌కు ఆమ్లం పడదు. అటక మీదో మెట్ల కిందో ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన రీలు పెడితే, బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు లేచే సన్నటి ఆమ్లపు తుంపర దారం మీద పడుతుంది. బాత్రూం కడిగే యాసిడ్ సీసా పక్కన పెట్టినా అంతే. మూత బిగించి ఉన్నా ఆ ఆవిరి చుట్టుపక్కల ఇనుముకు తుప్పు పట్టించడం చూసే ఉంటారు. మీ రాడ్డు అలాంటి చోట ఆరు నెలలుంటే, దారం చూడ్డానికి ఎంత బాగున్నా కింద చెప్పే బకెట్ పరీక్ష చేయకుండా నమ్మకండి.

చేతితో, గోరుతో, దూదితో

పరీక్ష మొదలుపెట్టేముందు స్పూల్ మీంచి మొదటి 5 మీటర్లు కత్తిరించి పక్కన పెట్టేయండి. గాలం కట్టిన కొస అది, దాన్ని కాపాడి లాభం లేదు. ఆ తర్వాత వచ్చే 20 మీటర్లు మెల్లగా లాగుతూ చూడాలి.

చూపుడు వేలికీ బొటనవేలి గోరుకీ మధ్య దారాన్ని పట్టి లాగండి. నున్నగా జారాలి. ఎక్కడైనా చిన్న గరుకు, టిక్కుమని తగలడం ఉంటే అది గాటు. 2016 పుష్కరాలకు కట్టిన ఘాట్ల మెట్ల అంచుల మీంచి, గట్టు రాతి పేర్పు మీంచి చేపను లాగినవాళ్ళ దారంలో ఇలాంటివి వరసగా దొరుకుతాయి. గోటికి తెలియని సన్నటి గాట్లు దూదికి తెలుస్తాయి. చిటికెడు దూదిని దారం చుట్టూ మడిచి లాగితే, గాటు ఉన్న చోట దూది పోగు చిక్కుకుని నిలబడుతుంది. గాటు ఒకటే ఉంటే అక్కడిదాకా కత్తిరించేస్తే సరి. మీటరుకొకటి తగులుతుంటే ఆ 20 మీటర్లూ తీసేయాల్సిందే.

తర్వాత రంగు, ఉపరితలం చూడండి. మోనో తెల్లబారి, సున్నం రాసినట్టు మసకగా ఉండి, వేళ్ళకు పొడి అంటితే ఎండ తిన్నదని అర్థం. ఆ భాగానికి ఇంకే పరీక్షా అక్కర్లేదు. బ్రెయిడ్ విషయంలో మాత్రం రంగు పోవడం చూసి భయపడకండి. దాని రంగు పైపూతే, ఆకుపచ్చది తెల్లబడినంత మాత్రాన బలం పోదు. బ్రెయిడ్‌లో చూడాల్సింది పీచు. అక్కడక్కడా వెంట్రుకలు లేచినట్టుంటే ఫర్వాలేదు. ఒకచోట సన్నబడి, చుట్టూ పీచు గుత్తిలా లేస్తే పోగులు తెగుతున్నాయని. అక్కడ కత్తిరించండి.

చివరగా వంపు పరీక్ష. 2 మీటర్ల దారం చేతి నుంచి వేలాడదీయండి. కాస్త అలలు అలలుగా దిగితే మామూలే. బిగువైన చుట్టల్లా వేలాడితే బిరుసెక్కింది. వేలితో మడిచి గట్టిగా నొక్కితే మడత దగ్గర తెల్లగా చిట్లితే పెళుసెక్కింది. బిరుసుకు నీళ్ళు, పెళుసుకు కత్తెర.

బకెట్ పరీక్ష

చేత్తో గుంజి చూసి "గట్టిగానే ఉందిలే" అనుకోవడం పరీక్ష కాదు. అరచేతికి చుట్టి గుంజితే చెయ్యే తెగుతుంది. నీళ్ళ బకెట్ ఉంటే చాలు, లీటరు నీళ్ళు కిలో బరువు.

మూడు ముక్కలు తీసుకోండి, ఒక్కోటీ ఒకటిన్నర మీటర్లు. ఒకటి పై కొస నుంచి, ఒకటి 20 మీటర్ల లోపలి నుంచి, ఒకటి 50 మీటర్ల లోపలి నుంచి. మూడింటినీ ఒక గంట నీళ్ళలో నానబెట్టండి. నైలాన్ తడిస్తే బలం పదో వంతు నుంచి అయిదో వంతు దాకా తగ్గుతుంది. చేప తగిలేది తడి దారానికే కనుక పరీక్షా తడిదానికే పెట్టాలి.

నున్నటి పైపుకో, గుండ్రటి కిటికీ కమ్మీకో దారాన్ని 8, 10 చుట్లు పక్కపక్కన చుట్టి, ఆ తర్వాత కొసకు ముడి వేయండి. చుట్ల రాపిడే బరువు మోస్తుంది, ముడి మీద భారం పడదు. నేరుగా ముడి వేసి వేలాడదీస్తే తెగేది ముడి దగ్గరే, అప్పుడు మీరు కొలిచింది ముడి బలం అవుతుంది. బకెట్ పిడికి ఉండే ప్లాస్టిక్ గొట్టానికీ ఇలాగే చుట్టండి. బకెట్ అడుగు నేలకు రెండంగుళాల ఎత్తులో ఉంటే తెగినా గది తడవదు. ఖాళీ బకెట్ బరువు ముందే తూచి పెట్టుకోండి. అర లీటరు చొప్పున, మెల్లగా, గోడ వారగా నీళ్ళు పోయండి. ప్రతిసారీ పది లెక్కపెట్టి ఆగండి. మొహం దగ్గర పెట్టి చూడొద్దు, తెగిన కొస కళ్ళల్లో కొడుతుంది. కళ్ళజోడు ఉంటే పెట్టుకోండి.

లేబుల్ మీద 10 పౌండ్లు అని ఉంటే నాలుగున్నర కిలోలు. అసలు కొలబద్ద మాత్రం ఆ లేబుల్ కాదు, 50 మీటర్ల లోపలి ముక్క. అది ఎండ చూడలేదు, రాయి చూడలేదు. చవక దారాల లేబుళ్ళు ఎక్కువ తక్కువలు రాస్తాయి, లోపలి ముక్క అబద్ధం చెప్పదు. లోపలిది 4 కిలోలకు తెగి, పైది మూడున్నరకు తెగితే ఏ బాధా లేదు. పైది 3 దగ్గర తెగితే పై 20 మీటర్లు తీసేయండి. పైదీ లోపలిదీ రెండూ లేబుల్‌లో సగానికే తెగితే మొత్తం చుట్టే పాతబడింది. దాన్ని బాగుచేయడానికి గంటలు ఖర్చుపెట్టకండి. కొత్తది వేసుకోండి.

బ్రెయిడ్‌ని నానబెట్టాల్సిన పనిలేదు, తడికి దాని బలం మారదు. కాకపోతే అది నున్నటి పైపు మీద జారుతుంది, కాబట్టి 15 చుట్లు వేసి కింద ఒక పొర గుడ్డ చుట్టండి.

బిరుసు వదిలించడం

బకెట్ పరీక్షలో నెగ్గిన మోనోకే ఈ శ్రమ. రీలు నుంచి స్పూల్ ఒక్కటే విప్పి తీయండి. రీలు మొత్తం నీళ్ళలో ముంచొద్దు, గేర్ల గ్రీజులోకి నీరు పోతుంది. స్పూల్ పై గుంతలో డ్రాగ్ వాషర్లు ఉంటాయి (చేప గట్టిగా లాగితే దారాన్ని కాస్త జారనిచ్చే బ్రేకే డ్రాగ్). సన్నటి తీగ క్లిప్పు తీసి వాటిని వరస తప్పకుండా ఒక గుడ్డ మీద పేర్చుకోండి, ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఫెల్ట్ వాషర్ నానితే డ్రాగ్ కుదుపులు కుదుపులుగా జారుతుంది. క్లిప్పు తీయడం చేతకాకపోతే స్పూల్ ముంచకండి. తడి టర్కీ టవల్‌ని దారం చుట్టూ చుట్టి గంటన్నర ఉంచితే పని జరుగుతుంది.

చంటిపిల్లలకు స్నానం పోసేంత గోరువెచ్చగా, సుమారు 40 డిగ్రీల నీళ్ళలో స్పూల్‌ని అరగంట ఉంచండి. మరుగుతున్న నీళ్ళు పోస్తే త్వరగా అవుతుందనుకోవద్దు. వేడికి మోనో ముడుచుకుపోతుంది, బిగుతుగా చుట్టి ఉన్న 100 మీటర్ల దారం అంతా ఒకేసారి ముడుచుకుంటే ప్లాస్టిక్ స్పూల్ పగలగలదు.

నానాక ఆరనివ్వకుండా సాగదీయాలి, కిటుకంతా ఇక్కడే ఉంది. తాటి చెట్టుకో క్రికెట్ స్టంపుకో గుడ్డ చుట్టి, దాని మీద దారం కొస కట్టి, 30 మీటర్లు నడవండి. అక్కణ్ణుంచి మెల్లగా వెనక్కి మీటరు, మీటరున్నర జరిగి, అరనిమిషం అలాగే పట్టి ఉంచండి. మోనో తెగేముందు తన పొడవులో అయిదో వంతు దాకా సాగుతుంది కాబట్టి 30కి ఒకటిన్నర మీటర్లు దానికి లెక్కలోది కాదు. గుంజొద్దు, ఊపొద్దు. వదిలాక దారం నేల మీద దాదాపు తిన్నగా పడాలి. పడకపోతే ఇంకోసారి.

ఈ పని రోడ్డుకు అడ్డంగా, వీధిలో, గట్టు మీద నడిచే దారిలో ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. కంటికి కనపడని దారం బండి మీద వచ్చేవాడి మెడకు తగిలితే ఏమవుతుందో పతంగుల మాంజా ఏటా చూపిస్తూనే ఉంది. తెల్లవారుజామున ఖాళీ మైదానం, లేదా పొడవాటి డాబా చూసుకోండి. మనిషి ఒకరు తోడుంటే మంచిది.

ఫ్లోరోకార్బన్‌కి నానబెట్టడం వల్ల ఒరిగేది తక్కువ, సాగదీతే పని చేస్తుంది. మీటరు చొప్పున రెండు చేతుల మధ్య గుడ్డతో పట్టి అయిదారు సెకన్లు లాగి వదలండి. బ్రెయిడ్‌ని మంచినీళ్ళలో రెండుసార్లు జాడించి నీడన ఆరబెట్టండి, సరిపోతుంది. సూర్యలంకకో హంసలదీవికో, అంటే సముద్రానికి, వెళ్ళొచ్చిన దారమైతే అరగంట మంచినీళ్ళలో నానబెట్టి తీయాలి. పైపైన కడిగితే ఉప్పు లోపలి వరసల్లోనే ఉంటుంది.

దారానికి కొబ్బరినూనె రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మానేయండి. రానురాను ముక్కిపోతుంది, దుమ్మూ ఇసుకా పట్టించుకుని గైడ్ రింగుల్లో ఉప్పుకాగితంలా రాపిడి పెడుతుంది. దుకాణాల్లో దొరికే సిలికాన్ స్ప్రే దారాన్ని నున్నగా జారనిస్తుంది, అంతవరకే. పోయిన బలం తేదు.

పురి వదిలించడం

దారం వదులు చేయగానే తన చుట్టూ తనే మెలికలు తిరుగుతుంటే అది బిరుసు కాదు, పురి. నానబెడితే పోదు. దీనికి మన కాలువలంత మంచి మందు ఇంకోటి లేదు. గాలం, గుండు, బెండు, స్వివెల్ (గుండ్రంగా తిరిగే లింకు) అన్నీ తీసేసి, ఒట్టి కొసను పారే నీటిలో వదలండి. ప్రవాహమే దారాన్ని లాక్కుపోతుంది. 50 మీటర్లు పోయాక బెయిల్ (దారాన్ని ఆపే రీలు మీది తీగ వంకీ) మూసి అయిదు నిమిషాలు అలా పట్టుకోండి. కొసకు ఏమీ లేదు కాబట్టి దారం తనంతట తాను తిరుగుతూ పురి విప్పుకుంటుంది. తర్వాత తడి గుడ్డలోంచి వేళ్ళతో నొక్కిపట్టి చుట్టుకోండి. గుర్రపుడెక్క కొట్టుకొస్తున్న రోజు ఈ పని పెట్టుకోకండి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తి ఉన్నప్పుడు నది ఒడ్డుకు అసలు పోవద్దు, కాలువ చాలు.

పురి మళ్ళీ ఎక్కకూడదంటే రెండు అలవాట్లు మార్చుకోవాలి. చేప లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకండి. ఆ తిప్పుడు దారాన్ని లోపలికి తేదు, ప్రతి చుట్టుకూ పురి మాత్రం ఎక్కిస్తుంది. విసిరాక బెయిల్‌ని హ్యాండిల్ తిప్పి కాకుండా చేత్తో మూయండి.

దారాన్ని తిరగేస్తే ఇంకో ఏడాది

కాలువ గట్టు మీద 40 మీటర్లకు మించి విసరాల్సిన పనే ఉండదు. 120 మీటర్ల స్పూల్‌లో లోపలి 80 మీటర్లు కొత్తవాటిలా కూర్చుంటాయి. తిరగేస్తే ఆ కొత్త భాగం పైకి వస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. దారాన్ని సీసాకు చుట్టి, సీసా నుంచి మళ్ళీ అదే రీలుకు చుట్టుకుంటారు. రెండుసార్లు మారిస్తే పాత కొస మళ్ళీ పైకే వస్తుంది. మార్చడం బేసి సంఖ్యలో ఉండాలి. రీలు నుంచి సీసాకు, సీసా నుంచి ఇంకో సీసాకు, రెండో సీసా నుంచి రీలుకు. ఇంత తిప్పలొద్దనుకుంటే మైదానంలో దారం మొత్తం పొడవుగా పరిచి, రెండో చివరకు నడిచి వెళ్ళి, పాత కొసను స్పూల్‌కు కట్టి చుట్టుకోవడమే. సాగదీసే రోజే ఇది కూడా చేస్తే ఒకే శ్రమతో రెండూ అయిపోతాయి.

పై భాగం పూర్తిగా పోయినవాళ్ళు మొత్తం మార్చనక్కర్లేదు. పాడైనది కత్తిరించి, లోపలి దారానికి 50, 60 మీటర్ల కొత్తది అతికించండి. రెండు కొసలూ ఎదురెదురుగా పెట్టి ఒక్కో కొసతో రెండో దారం చుట్టూ 5 చుట్ల ముడి వేసి దగ్గరికి లాగే జంట ముడి దీనికి సరిపోతుంది. ఏ ముడైనా బిగించే ముందు తడపండి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే దెబ్బతింటుంది. నోట్లో పెట్టుకుని తడపడం అలవాటైనవాళ్ళు పట్టణం మధ్య కాలువలో ముంచిన దారంతో ఆ పని చేయకండి, తాగే నీళ్ళ సీసా వాడండి.

చుట్టేటప్పుడు దారం స్పూల్ అంచుకు 2 మిల్లీమీటర్లు తక్కువగా ఆగాలి. నిండా చుట్టితే ఉచ్చులు ఉచ్చులుగా జారిపడుతుంది. మరీ తక్కువైతే అంచుకు రాసుకుని విసురు దూరం పోదు. కొత్త చుట్ట నుంచి ఎక్కించేటప్పుడు దాన్ని నేల మీద లేబుల్ పైకి ఉండేలా పడుకోబెట్టండి. 10 చుట్లు తిప్పి ఆగి, దారం కాస్త వదులు చేసి చూడండి. మెలికలు పడితే చుట్టను తిరగేసి పెట్టండి. బ్రెయిడ్‌ని ఒట్టి స్పూల్‌కు నేరుగా కట్టొద్దు. ముందు 8, 10 మీటర్ల మోనో చుట్టి దాని మీద బ్రెయిడ్ చుట్టాలి. లేకపోతే పెద్ద చేప తగిలినప్పుడు దారపు చుట్ట మొత్తం స్పూల్ మీద గిర్రున తిరుగుతుంది, మీరేమో డ్రాగ్ పాడైందనుకుని బిగిస్తూ ఉంటారు.

దారాన్ని కోసే దొంగలు రాడ్డులోనే ఉంటారు

మంచి దారం వేశాక కూడా వారానికే గాట్లు పడుతుంటే దోషం దారానిది కాదు. గైడ్ రింగుల లోపల దూది తిప్పండి. పోగు చిక్కుకుంటే ఆ రింగులో పగులుంది. మొట్టమొదట కొస రింగు చూడండి, దెబ్బలన్నీ దానికే. పగిలిన రింగును ఉప్పుకాగితంతో రుద్ది నున్న చేయలేరు, మార్చాల్సిందే.

తర్వాత బెయిల్ తీగ చివర దారం మీద పడే చిన్న రోలర్. దాన్ని వేలితో తిప్పితే తిరగాలి. తిరగకపోతే దారం ప్రతిసారీ ఒకేచోట రాసుకుంటుంది, పురి కూడా ఎక్కుతుంది. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి ఆడించండి, పైకి పొంగిన నూనెను తుడిచేయండి.

డ్రాగ్‌ని దారం బలంలో పావు వంతుకు పెట్టుకోండి. నాలుగున్నర కిలోల దారానికి కిలో పైచిలుకు. నిండా నీళ్ళున్న లీటరు సీసాను దారానికి కట్టి, గైడ్ల గుండా కాకుండా రీలు నుంచే నేరుగా వేలాడదీయండి. సీసా ఆగి ఉండాలి, చిన్న కుదుపుకు జారాలి. పాత దారం మిగిల్చుకున్నవాళ్ళు ఇంకాస్త వదులుగా పెట్టుకుంటే మంచిది. వాలుగకు జోరెక్కువ, బిగువు డ్రాగ్ మీద మొదటి గుంజుకే తెంపుతుంది.

మళ్ళీ అటకెక్కించే ముందు

అటక వద్దు. ఇంటి మధ్య గోడకు ఆనుకున్న బీరువా కింది అర మేలు. వేడి పైకి చేరుతుంది, కింది అర చల్లగా, చీకటిగా ఉంటుంది. రాడ్డు పొడవుకు బీరువా చాలకపోతే రాడ్డు ఎక్కడున్నా ఫర్వాలేదు, స్పూల్ మాత్రం విప్పి లోపల పెట్టండి. నల్ల గుడ్డ సంచీలో చుట్టండి. గాలాడని ప్లాస్టిక్ కవరులో తడి దారం పెడితే రీలు తుప్పు పడుతుంది, అందుకని రెండు రోజులు నీడన ఆరాకే సంచీ. గాజు తలుపుల అలమరా చీకటి కిందికి రాదు. రబ్బరు కప్పలు, పురుగుల్లాంటి మెత్తటి ఎరలను స్పూల్‌తో కలిపి ఒకే డబ్బాలో పెట్టకండి, వేసవి వేడికి అవి జిగురు కక్కి అంటుకుంటాయి. ఎలుకలున్న ఇల్లయితే రేకు డబ్బా. చేప వాసన వేసిన దారాన్ని అవి వదలవు, ముందు సబ్బు నీటితో కడిగి పెట్టండి.

డ్రాగ్ నాబ్ పూర్తిగా వదులు చేయండి. బిగించి వదిలేస్తే ఫెల్ట్ నెలల తరబడి నలిగి పలచబడుతుంది. గాలం కట్టి, దాన్ని గైడ్‌కు తగిలించి బిగువుగా లాగి పెట్టడం మానండి, ఆ బిగువుకు దారం వంకర స్థిరపడుతుంది. స్పూల్ మీద చిన్న కాగితం అంటించి మూడు సంగతులు రాయండి: దారం రకం, ఎన్ని పౌండ్లు, ఏ నెలలో ఎక్కించారు. తిరగేసిన దారమైతే "తిరగేసింది" అని కూడా. రెండోసారి తిరగేయడానికి ఇంకేమీ మిగలదు.

చేతి గాలం వాడేవాళ్ళకు ఒక్క మాట. కర్ర ముక్కకు చుట్టిన దారం కర్ర అంచుల దగ్గర మడతపడి అక్కడే పెళుసెక్కుతుంది. గుండ్రటి సీసాకో, 3 అంగుళాల పీవీసీ పైపు ముక్కకో చుట్టండి. ఎంత లావు గొట్టమైతే అంత తక్కువ వంపు.

కత్తిరించిన ముక్కలు గట్టు మీద వదలొద్దు. అవి కుళ్ళవు. కొంగల కాళ్ళకు, నీటికాకుల రెక్కలకు చుట్టుకుంటాయి, మేతకొచ్చిన గేదెలు గడ్డితో పాటు మింగుతాయి. ఇంట్లో కాల్చొద్దు, నైలాన్ పొగ విషం. ఖాళీ నీళ్ళ సీసా ఒకటి సంచీలో పెట్టుకుని, ప్రతి ముక్కనూ అందులో కుక్కి, నిండాక మూత బిగించి పొడి చెత్తలో వేయండి. సీసాలో వేసే ముందు కత్తెరతో చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించండి. సీసా పగిలి దారం బయటపడినా, చిన్న ముక్క పక్షి కాలికి చుట్టుకునే అవకాశం తక్కువ.